ఈ దారి నేడు మూసివేయబడినది

ఆడపడుచు ఇల్లు, మేడ మీద గది

తమ్ముడికి,

ఇక్కడ అందరం క్షేమం అని రాయబోయి ఆగిపోయాను. ఎవరు క్షేమం? నీకు ఫోన్ చేస్తే నువ్వు “అక్కా” అనేసరికి నాకు ఏడుపు తన్నుకొస్తుంది. నేను ఏడిస్తే నువ్వు తట్టుకోలేక పెట్టేస్తావు. చిన్నప్పుడూ అంతే, నాకు దెబ్బ తగిలితే నువ్వు మంచం కింద దూరేవాడివి. కాగితాన్నైతే మధ్యలో పెట్టేయలేవుగా. అందుకని రాస్తున్నాను.

మా ఆడపడుచు మంచిదే. మేడ మీద గది ఖాళీ చేసి ఇచ్చింది. కిటికీ పక్కన కుట్టుమిషను వేసుకున్నాను. కింద కొట్టువాళ్ళు బడిపిల్లల యూనిఫారాలు కుట్టమని ఇస్తున్నారు. రోజంతా ఒకే రంగు గుడ్డ చూసి చూసి కళ్ళు మొద్దుబారాయి, మనసు కూడా మొద్దుబారితే బాగుండును. మీ బావ పోయాక ఆయన రంగుల పెట్టె తెచ్చి మంచం కింద పెట్టాను. ఇంకా తెరవలేదు. తెరవకపోయినా టర్పెంటైన్ వాసన వస్తూనే ఉంటుంది. అమ్మాయి ఆ పెట్టె ఉన్న వైపే తల పెట్టుకుని పడుకుంటోంది.

మన లాయరమ్మ నిన్న మిల్లువాళ్ళ జవాబు చూపించింది. “సదరు వ్యక్తి అనుమతి లేకుండా, మూసి ఉన్న గేటు ఎక్కి మా ఆవరణలో ప్రవేశించినాడు. అతను అతిక్రమణదారుడు. జరిగిన దానికి మా బాధ్యత ఎంతమాత్రమూ లేదు.” ఇదీ వరస. అమ్మాయి నా భుజం మీంచి చదివి, “అమ్మా, అతిక్రమణదారుడంటే ఏంటి?” అంది. దారి తప్పినవాడు అని చెప్పాను. నాన్నకి ఆ దారి బాగా తెలుసు కదా అంది.

మార్కెట్ వీధి నుంచి మన వీధికి మిల్లు వెనకనుంచి నడిచే దారి ఆయనొక్కడికేనా, ఊరందరికీ తెలుసు. పెళ్ళైన నాటినుంచీ నేనూ అందులోనే నడిచాను. నువ్వు కాపలాకని ఆ గేటు దగ్గర స్టూలు వేసుకుని కూర్చునేవాడివి. కూరల సంచీ బరువుగా ఉంటే అందుకునేవాడివి. అలాంటి దారిలో ఆయన దొంగ ఎలా అయ్యాడు?

నాకు ఆయన మీద కోపం కూడా వస్తోంది, ఎవరితో చెప్పుకోను. జీవితమంతా ఊళ్ళో వాళ్ళకి బుద్ధులు చెప్పే బోర్డులు రాశాడు, ఒక్కటీ చదవలేదు. నోట్లో సిగరెట్ పెట్టుకుని “పొగ త్రాగరాదు” రాశాడు. ఆసుపత్రి వరండాలో గొంతెత్తి పాడుతూ “నిశ్శబ్దం పాటించండి” రాస్తుంటే నర్సు వచ్చి తిట్టింది, గుర్తుందా? ఇదేమిటయ్యా అంటే, “రాసేవాడికి అక్షరం కనిపిస్తుందే గానీ మాట కనిపించదే” అనేవాడు. ఆ రోజు నవ్వుకున్నాం.

ఒక్కటే అడుగుతాను. ఆ రోజు ఆ గేటుకి నిజంగా తాళం ఉందా? ఉందంటే కేసు లేదట. లేదంటే ఉందట. నీ జవాబు కోసం చూస్తుంటాను.

మీ అక్క

*

మిల్లు వెనక గేటు గది

అక్కకు,

నీ ఉత్తరం వచ్చి చాలా రోజులైంది. రోజూ రాద్దామని కూర్చుంటాను, ఎవరో ఒకరు గేటు దగ్గర పిలుస్తారు, లేచిపోతాను. ఎవరూ పిలవకపోయినా లేచిపోతున్నాననుకో.

ఇక్కడ వానలు తగ్గాయి. గోడ పక్క గడ్డి మోకాలెత్తు పెరిగింది. నల్లకుక్క ఇంకా సాయంత్రం మార్కెట్ వైపు మొహం పెట్టి కూర్చుంటుంది. బావ దానికి బన్ను తెచ్చేవాడు కదా. నేను తెస్తే తింటుంది గానీ తోక ఊపదు.

తాళం సంగతి అడిగావు. నీకు తెలియంది ఏముంది, అయినా మళ్ళీ చెబుతాను. నేను కొత్తగా చేరినప్పుడు పాత మేనేజరుగారు నన్ను గేటు దగ్గర నిలబెట్టి చెప్పారు. “చూడవయ్యా, ఈ దారి మనది. జనం నడుస్తున్నారు, నడవనీ. కానీ ఏళ్ళ తరబడి అడ్డు లేకుండా నడిస్తే రేపు కోర్టులో అది వాళ్ళ హక్కు అంటారు. అందుకని ఏడాదికి ఒక్కరోజు మూసెయ్. మూశావా, అది మన దయ. మూయలేదా, వాళ్ళ హక్కు.” అదీ నా ఉద్యోగంలో అసలు పని. మిగతా రోజులన్నీ నేను ఉన్నా లేకపోయినా ఒకటే. ఆ ఒక్కరోజు మాత్రం నేను లేకపోతే మిల్లుకి ఆస్తి పోతుంది. ఆ రోజు నన్ను తిట్టని మనిషి ఉండడు. కూరలమ్మే ముసలమ్మ అయితే దుమ్మెత్తి పోసి మర్నాడు పొద్దున్నే ఏమీ ఎరగనట్టు పలకరిస్తుంది.

ఈ ఏడు కొత్త మేనేజరు, ఎలాగూ జనం రారు కదా, అదే రోజు కాలవ శుభ్రం చేయించేద్దాం అన్నాడు. దారి మధ్యలో కాలవ మీది బండలు లేపి గొయ్యి తీశారు. సాయంత్రం జోరున వాన. పనివాళ్ళు రేపొచ్చి మూస్తాం అని పోయారు. అడ్డంగా తాడైనా కట్టండర్రా అంటే, గేటుకి తాళం ఉందిగా, ఎవరొస్తారు అన్నారు. ఇంతలో ముందు గేటుకి లారీ వచ్చిందని పిలిచారు, వెళ్ళాను. తిరిగొచ్చేసరికి కుక్క గొయ్యి అంచున నిలబడి మొరుగుతోంది. తర్వాతది నీకు తెలుసు.

అక్కా, తాళం ఉంది. నేనే వేశాను. లాగి చూశాను కూడా. లాగి చూడడం నాకు అలవాటు.

మీ లాయరమ్మ బోర్డు గురించి ఏమైనా అడిగిందా? అడిగితే రాయి.

నీ తమ్ముడు

*

ఆడపడుచు ఇల్లు, మేడ మీద గది

తమ్ముడికి,

బోర్డు గురించి ఎవరూ అడగలేదు. బోర్డుదేముంది, ఏడాదికోసారి తగిలించే రేకు ముక్క. నేను మనిషి గురించి మాట్లాడుతుంటే నువ్వు రేకు గురించి మాట్లాడతావేం?

లాయరమ్మ నన్ను ఎదురుగా కూర్చోబెట్టుకుని, బడిపిల్లకి చెప్పినట్టు విడమరిచి చెప్పింది. రమ్మని పిలిచినవాడు గానీ, రానిచ్చినవాడు గానీ లోపలికొస్తే, ఇక్కడ గొయ్యి ఉంది జాగ్రత్త అని చెప్పడం స్థలం ఉన్నవాళ్ళ పూచీ. చెప్పకపోతే తప్పు వాళ్ళది. వద్దన్నాక వచ్చినవాడైతే, కావాలని వల పన్నకుండా ఉంటే చాలట. గొయ్యి గొయ్యే, పడినవాడిదే పాపం. అదే గొయ్యి, అదే చీకటి, అదే మనిషి. మధ్యలో ఉన్నదల్లా “రా” అన్న ఒక్క మాట. ఆ మాట ఎవరైనా అన్నారా, అన్నది ఎవరు అని అడుగుతారు. గేటు దగ్గర ఉండేది నువ్వు. నువ్వు “మా బావే కదా అని నేనే తీశాను” అంటే ఆయన రానిచ్చినవాడు అవుతాడు. అనకపోతే గోడ దూకినవాడు అవుతాడు.

మిల్లువాళ్ళు కబురు పంపారు. అనుమతి లేకుండా ప్రవేశించాడని నేను సంతకం పెడితే, దయతలచి ఏదో కొంత ఇస్తారట. నీ పాత మేనేజరు చెప్పిన దయే కదా ఇది కూడా! దారీ దయే, చావూ దయే. నేను పెట్టనన్నాను. ఆయన ఒకరి రంగు డబ్బా అడక్కుండా ముట్టుకునేవాడు కాదు. ఆయన్ని కాగితం మీద దొంగని చేసి నేను అన్నం తినాలా?

నాకు తెలుసు, నువ్వు తాళం వేసే ఉంటావు. నీ సంగతి నాకు తెలియదా? ఇంటికొచ్చినా మా బీరువా తలుపు లాగి చూసేవాడివి. నేను నిజం ఏమిటని అడగడం లేదురా. సాయం అడుగుతున్నాను. నిన్ను ఎత్తుకుని తిరిగినదాన్ని, ఇన్నేళ్ళలో నోరు తెరిచి ఏమైనా అడిగానా? ఒక్క మాట. నాలుకకి నరం లేదంటారు కదా, ఎటు తిప్పినా తిరుగుతుంది. మా కోసం ఒక్కసారి ఇటు తిప్పు.

మీ అక్క

*

మిల్లు వెనక గేటు గది

అక్కకు,

ఉత్తరం అందింది. నేను తాళం వేశాను. ఈ చేతులతోనే వేశాను. కోర్టులో పిలిచి అడిగితే ఇంకేం చెప్పను? నాకు నేర్పిన పని అదొక్కటే.

తమ్ముడు

*

ఆడపడుచు ఇల్లు

సరే. తాళం జాగ్రత్తగా చూసుకో. నాకు తమ్ముడు ఉండేవాడు అనుకుంటాను.

*

మిల్లు వెనక గేటు గది

అక్కకు,

నువ్వు సంతకం కూడా పెట్టకుండా పంపిన ఆ చీటీ నా చొక్కా జేబులోనే ఉంది. ఉతికేటప్పుడు తీసి, ఆరాక మళ్ళీ పెట్టుకుంటున్నాను. దాని మీద అక్షరాలు సగం పోయాయి. నాకు చూడక్కర్లేదులే.

మిల్లు లాయరుగారు వచ్చి వెళ్ళాడు. నా గదిలో కుర్చీ లేదు కదా, మంచం అంచున రుమాలు పరుచుకుని కూర్చున్నాడు. ఇస్త్రీ చొక్కా వేసుకురా, అడిగినదానికే జవాబు చెప్పు, “వేశాను” అంటే చాలు అన్నాడు. మేనేజరు కూడా వచ్చి భుజం తట్టాడు. ఇన్నేళ్ళలో ఆయన నా గుమ్మం తొక్కడం అదే మొదటిసారి. వాళ్ళు వెళ్ళాక నేను చాలాసేపు తాళాన్ని చేతిలో పట్టుకుని కూర్చున్నాను.

నేను పెళ్ళీ పెటాకులూ లేనివాణ్ణి. నాకంటూ ఉన్నది ఈ గది, ఈ గేటు, నమ్మకస్తుడనే పేరు. ఇన్నాళ్ళూ ఆ పేరే నా ఆస్తి అనుకున్నాను. బావ పోయాక చూస్తే, నన్ను నమ్మినవాళ్ళందరూ బాగానే ఉన్నారు, నన్ను పెంచినదే రోడ్డున పడింది. ఎవరికోసం ఈ నమ్మకం?

చెబుతాను అక్కా. “నేనే తీశాను, రా బావా అన్నాను” అని చెబుతాను. అద్దం ముందు నిలబడి అలవాటు చేసుకుంటున్నాను. “రా బావా” అనే దగ్గర ఆగిపోతున్నాను. అది అబద్ధం అయినందుక్కాదు. ఆ రోజు నిజంగానే నేను అక్కడుండి ఆ మాట అని ఉంటే, గొయ్యి చూపించి చెయ్యి పట్టుకుని దాటించేవాణ్ణి కదా అని.

ఉద్యోగం పోతుంది. పోనీ. నువ్వు మాత్రం ఉత్తరం కింద సంతకం పెట్టు.

నీ తమ్ముడు

*

ఆడపడుచు ఇల్లు, మేడ మీద గది

నా తమ్ముడికి,

కోర్టు మెట్ల దగ్గర నువ్వు నిలబడి చూస్తూనే ఉన్నావు. నేను ఆటో ఎక్కి వచ్చేశాను. మొహం చెల్లక వచ్చేశాను. సాక్షివి కాబట్టి నిన్ను బయట బల్ల మీద కూర్చోబెట్టారు. లోపల ఏం జరిగిందో నీకు ఎవరూ చెప్పి ఉండరు. నేనే చెప్పాలి.

ముందు నన్ను నిలబెట్టారు. మీ ఆయన పనేమిటి, బోర్డులు రాయడం. ఎన్నాళ్ళుగా, పెళ్ళికి ముందునుంచీ. ఆయన చేతిరాత గుర్తుపట్టగలవా? అది అడగడం ఎందుకో నాకు అర్థం కాలేదు. గర్వంగానే చెప్పానురా, చీకట్లో తడిమినా గుర్తుపడతాను అని. అప్పుడు మిల్లు లాయరు ఎవరికో సైగ చేశాడు. గుడ్డలో చుట్టినది తెచ్చి బల్లకి ఆనించి గుడ్డ తీశారు.

“ఈ దారి యజమానుల దయతో తెరిచి ఉంచబడినది. నేడు మూసివేయబడినది. అనుమతి లేనిదే లోపలికి ప్రవేశించరాదు.”

రంగు ఇంకా కొత్తగా మెరుస్తోంది. ఎరుపు మీద తెలుపు. తలకట్టు పెట్టేటప్పుడు ఆయన కుంచె చివర కొంచెం పైకి లేపేవాడు, పిట్ట ఎగరబోతున్నట్టు ఉండేది. ప్రతి తలకట్టూ అలాగే ఉంది. కింద మూల చిన్న ఆకు. డబ్బులు తీసుకోకుండా ఇష్టంతో రాసిన బోర్డుకే ఆయన ఆ ఆకు వేసేవాడు. అది నాకు తప్ప ఇంకెవరికీ తెలియదు.

“ఈ అక్షరాలు ఎవరివమ్మా?” అన్నాడు లాయరు. మర్యాదగానే అడిగాడు, పాపం అతన్నేమీ అనలేను.

మన లాయరమ్మ నా వంక చూసింది. తెలియదు అనవచ్చు. ఊళ్ళో బోర్డులు రాసేవాళ్ళు ఆయనొక్కడేనా? తెలియదంటే సరిపోయేది, ఆ తర్వాత నువ్వు వచ్చి నీ మాట చెబితే సరిపోయేది. నేను ఇన్ని నెలలు ఆయన పేరు నిలబెట్టాలనే కదా తిరిగాను! ఆ అక్షరాలు ఎదురుగా నిలబడి నన్ను చూస్తుంటే, మీరెవరో నాకు తెలియదని చెప్పడానికి నోరు రాలేదు. “మా ఆయనవి” అన్నాను. ఏడ్చాననుకుంటాను, నీళ్ళిచ్చారు.

“అంటే రావద్దన్న సంగతి ఆయనకి అందరికంటే బాగా తెలుసన్నమాట” అని లాయరు కూర్చున్నాడు. నాకు అప్పటికే అర్థమైంది, అయిపోయిందని. అప్పుడు నిన్ను పిలిచారు.

ఇస్త్రీ చొక్కాలో వచ్చావు. బోర్డుని చూశావు, నన్ను చూశావు. వద్దని తల ఊపానురా. నువ్వు చూడలేదో, చూసి నేను భయపడుతున్నాననుకున్నావో. గట్టిగా, బడిలో పద్యం అప్పజెప్పినట్టు, “తాళం నేనే తీశాను, రా బావా అన్నాను” అన్నావు. లాయరు లేచి “కంచే చేను మేసిందన్నమాట” అన్నాడు. కొందరు నవ్వారు. తీసిన తాళం మళ్ళీ ఎప్పుడు వేశావు, మేనేజరు వచ్చి చూసేసరికి వేసే ఉందే అని అడిగితే నువ్వు జేబు తడుముకున్నావు. నువ్వు అబద్ధం ముందుభాగమే నేర్చుకుని వచ్చావు. నీకు చేతకాదని నాకు ముందే తెలిసుండాలి.

నిన్ను అబద్ధంలోకి తోసి, నేను వెళ్ళి నిజం పట్టుకుని నిలబడ్డాను. ఇంత పని పగవాడు కూడా చేయడు. నన్ను నాలుగు తిట్టరా.

కానీ ఒకటి అడుగుతాను. ఆ బోర్డు ఆయన రాశాడని నీకు తెలుసు. మొదటి ఉత్తరంలోనే బోర్డు, బోర్డు అన్నావు. నాకెందుకు చెప్పలేదు?

మీ అక్క

*

బేకరీ వెనక షెడ్డు

అక్కకు,

చిరునామా మారింది, చూశావుగా. నన్ను ఆ రోజు సాయంత్రమే పొమ్మన్నారు. ట్రంకుపెట్టె, పరుపు గేటు బయట పెట్టి ఉన్నాయి. “తిన్నింటి వాసాలు లెక్కపెట్టావు కదయ్యా” అన్నాడు మేనేజరు. తాళంచెవి ఇచ్చేశాను. ఇచ్చేముందు అలవాటు కొద్దీ తాళం లాగి చూశాను, ఆయన మొహం తిప్పుకున్నాడు. ఇక మీదట ఆవరణలో అడుగు పెడితే కేసు పెడతామని నోటీసు కూడా చేతికిచ్చారు. ఊరంతా నడిచే దారిలో నేనొక్కణ్ణే నడవకూడదు. ఇప్పుడు నేనూ బావ లాంటివాణ్ణే, చట్టం ప్రకారం.

జడ్జిగారు మళ్ళీ పిలిపించారు. అబద్ధపు సాక్ష్యానికి జైలుకి పంపవచ్చు, తెలుసా అన్నారు. తెలుసండి అన్నాను. ఎందుకు చెప్పావు అంటే, మా అక్కండి అన్నాను. నా వయసు, ఇన్నేళ్ళ ఉద్యోగం చూసి జైలు లేకుండా మందలించి వదిలేశారు. కానీ నేను అబద్ధం చెప్పానని రాతలో ఉంది. కాపలా పని ఇంకెవరూ ఇవ్వరు. బేకరీ ఆయన ట్రేలు కడిగే పనిచ్చాడు. వెచ్చగా ఉంటుందిలే, చలికాలం దిగుల్లేదు.

నిన్ను తిట్టమన్నావు. ఎందుకు తిట్టాలి? ఆ ఆకు ఉన్న బోర్డుని బావది కాదనుంటే నిన్ను తిట్టేవాణ్ణి.

ఎందుకు చెప్పలేదంటే, ఎలా చెప్పమంటావు? పాత బోర్డు వెలిసిపోయింది, ఒకటి రాసిపెట్టు బావా అని అడిగింది నేను. ఆ పొద్దున తనే భుజాన పెట్టుకుని తెచ్చాడు. ఇద్దరం కలిసి గేటుకి కట్టాం. నేను తాళం వేసి లాగి చూస్తుంటే నవ్వాడు. దూరంగా వెళ్ళి, ఒక కన్ను మూసుకుని చూసుకున్నాడు. “మూడో వరస కొంచెం కిందికి దిగింది బామ్మర్దీ, వచ్చే ఏడు సరిచేద్దాం” అన్నాడు. అంతే. అక్కడ ఏం రాసి ఉందో ఆయన చూడలేదు. వరస చూసుకున్నాడు.

సాయంత్రం వానలో ఎవరికోసమో అప్పుడే రాసిన తడి బోర్డు చంకలో పెట్టుకుని వచ్చాడు కదా, గోతి పక్కనే దొరికింది. రంగు కరుగుతుందనే తొందర. చుట్టు దారిలో పోతే చెడిపోతుంది. గేటు మీద తన అక్షరాలే, తనని ఆపుతాయని ఆయనకి తోచి ఉండదు. ఈ సంగతి నీకు చెబితే జీవితాంతం అదే తలుచుకుంటావు, నేనొక్కణ్ణే తలుచుకుంటే పోలా అనుకున్నాను. కడుపు చించుకుంటే కాళ్ళ మీద పడుతుంది. కోర్టులో అలా గుడ్డ విప్పి చూపిస్తారని తెలిస్తే ముందే చెప్పేవాణ్ణి.

నీ తమ్ముడు

*

ఆడపడుచు ఇల్లు, మేడ మీద గది

తమ్ముడికి,

తీర్పు వచ్చింది. మనం ఓడిపోయాం. తీర్పులో ఆ మాట ఉంది, అతిక్రమణదారుడు అని. లాయరమ్మ పై కోర్టుకి పోదామా అంది. వద్దన్నాను. మళ్ళీ ఆ గుడ్డ విప్పి చూపిస్తారు, మళ్ళీ నిన్ను పిలుస్తారు.

అమ్మాయికి అంతా చెప్పాను, ఈసారి దాచలేదు. అది విని, మంచం కిందనుంచి రంగుల పెట్టె లాగి మూత తీసింది. కుంచెలన్నీ కడిగి గుడ్డలో చుట్టి ఉన్నాయి, ఆ రోజు కడిగినవే. అప్పుడు ఏడ్చాం ఇద్దరం, మొదటిసారి కలిసి ఏడ్చాం.

నువ్వు ఇక్కడికి వచ్చెయ్. కింద కొట్టులో మడతలు పెట్టే మనిషి కావాలంటున్నారు. ఇంకో మంచానికి చోటు చేశాను. నా మాట విని చెడిపోయావు, ఈసారి నా మాట విని బాగుపడు.

మీ అక్క

*

బేకరీ వెనక షెడ్డు

అక్కకు,

వస్తాను. బేకరీ ఆయన వేరే మనిషిని చూసుకునేదాకా ఆగమన్నాడు, ఈ నెల దాటగానే వస్తాను. నల్లకుక్కని తేవచ్చా? మీ ఆడపడుచుని అడిగి రాయి, అడక్కుండా తెస్తే బాగుండదు.

నిన్న ఆ రోజు వచ్చింది. అదే, ఏడాదికోసారి మూసే రోజు. నేను మరిచిపోదామనుకున్నాను. సాయంత్రం చినుకులు పడుతుంటే కాళ్ళు అటే తీసుకెళ్ళాయి. రోడ్డు మీదే నిలబడ్డానులే, భయపడకు, వాళ్ళ స్థలంలో అడుగు పెట్టలేదు.

కొత్త వాచ్‌మన్ తాళం వేసి ముందు గేటుకి పోయినట్టున్నాడు. గేటుకి బావ బోర్డు కట్టి ఉంది. కోర్టు నుంచి తిరిగొచ్చింది కాబోలు. రంగు వెలవలేదు. మూడో వరస నిజంగానే కొంచెం కిందికి దిగింది, నేను ఇప్పుడు చూశాను. సరిచేసేవాడు లేడు. కూరలమ్మే ముసలమ్మ ఎప్పటిలాగే తిట్టుకుంటూ చుట్టు దారి పట్టింది. నేను కాపలాలో ఉంటే నా మొహం మీదే తిట్టేది.

అంతలో ఒకాయన వచ్చాడు. చేతిలో మందుల సంచీ, తలంతా తడిసిపోయింది, ఇంట్లో ఎవరికో బాగాలేనట్టుంది. బోర్డు వంక చూడనైనా చూడకుండా గేటు అడ్డకమ్మీ మీద కాలు వేశాడు. లోపల గొయ్యి లేదని తెలుసు, బండలు మూసి ఉన్నాయని తెలుసు. అయినా పరుగెత్తి వెనకనుంచి చొక్కా పట్టుకుని లాగేశాను. “దిగండి” అన్నాను.

ఆయనకి కోపం వచ్చింది, రాదా మరి? “వదులు! ఎవరు నువ్వు, వాచ్‌మన్‌వా?” అన్నాడు.

కాదన్నాను.

“మరి నీకెందుకయ్యా? నువ్వెవరు నాకు చెప్పడానికి?”

నేను ఎవరినో చెప్పుకోవడానికి నా దగ్గర ఇంకేం ఉంది అక్కా? ఉద్యోగం లేదు, తాళంచెవి లేదు, నా మాటకి విలువ లేదని కోర్టే రాసింది. “ఆ బోర్డు రాసినాయన బామ్మర్దిని” అన్నాను.

ఆయన నా వంక చూసి, బోర్డు వంక చూశాడు. అప్పుడు చదివాడు. మొదటినుంచి చివరిదాకా, పెదవులు కదుపుతూ, మెల్లగా చదివాడు. ఆ బోర్డుని ఒక మనిషి పూర్తిగా చదవడం నేను చూడడం అదే మొదటిసారి. చదివాక కాలు దించి, “బాగా రాశాడు” అన్నాడు.

వాన పెద్దదైంది. నా తువ్వాలు ఆయన మందుల సంచీ మీద కప్పాను. ఇద్దరం చుట్టు దారినే వెళ్ళాం.

నీ తమ్ముడు